గురువారం నీ షిఫ్టు నేను చేస్తాను

అన్సెల్మూ,
గురువారం నీ సాయంత్రం ట్రాము నేను నడుపుతాను.
డిపోలో ఎవరైనా అడిగితే పంటినొప్పని చెప్పు.
పూర్తి అబద్ధమూ కాదు,
ఆ మేడలో రెండో అంతస్తు పళ్ళ డాక్టరుది.
నువ్వెళ్ళాల్సింది మూడోదానికి.
లిఫ్టు పనిచెయ్యదు. రాతిమెట్లు, ఇరుకు.
సగంలో ఆగి వెనక్కి దిగిపోవాలనిపిస్తుంది.
ఆగు, దిగకు.
పళ్ళు తొలిచే మర చప్పుడు కాసేపు విని
వీళ్ళకన్నా నా పనే నయమనుకుని ఎక్కు.

ముందొక కాగితం ఇస్తారు.
నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా,
చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా.
టిక్కెట్టుందా అన్నంత మామూలుగా ఉంటుంది ఆ ప్రశ్న.
దానికి మాత్రం నిజం రాయి.
మిగతావాటికి నేను బొంకాను.
వైను వారానికి ఒక్క గ్లాసని రాశాను,
పోర్టోలో పుట్టి, ఈ వయసులో!

నువ్వు చెప్పింది గది దాటదంటుంది ఆమె,
నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే తప్ప.
ఆ "తప్ప" దగ్గర నేను బిగుసుకుపోయాను.
తర్వాత తట్టింది,
ఏ బ్రేకూ లేని బండిలోకి నేను మాత్రం
జనాన్ని ఎక్కించుకుంటానా?

పేరు ఫిలిపా. నా కూతురికన్నా చిన్నది.
ఆ రోజు ఒక్కో కాలికి ఒక్కో రంగు మేజోడు.
ఈ పిల్లకా నేను చెప్పుకోవాల్సింది, అనుకున్నాను.
మాత్ర రాస్తుందనుకున్నాను, రాయదు, దానికి వేరే డాక్టరట.
ఏం చెయ్యమంటావని అడిగాను, చెప్పదు.
ఊరుకుంటుంది.
ఆ ఊరుకోవడం ఉందే,
నది మీంచి లేచిన మంచులో బండి ఆగిపోయినట్టుంటుంది,
గంట కొడదామన్నా ఎవరికి కొట్టాలో తెలీదు.
భయమేసి దాన్ని నింపేశాను:
తడిపట్టాలు, ఇసుకపెట్టె,
కొత్త మేనేజరు మీసం.
డబ్బు కట్టి మరీ ఒక మీసం గురించి చెప్పొచ్చాను.

నేను బండి ఆపేసి పదకొండు నిమిషాలు
కదపలేకపోయిన సంగతి డిపో అంతటికీ తెలుసు.
ఎవరూ పట్టాలకి అడ్డం రాలేదు. ఏమీ జరగలేదు.
చెయ్యి హ్యాండిలు మీదే ఉంది, అది నాది కాదు, అంతే.
ఆ మాట ఆమెకి చెప్పలేదు.
లేచి, తలుపు పిడి పట్టుకుని,
"మా అమ్మ కోటు ఇంకా వంటింట్లో మేకుకే ఉంది" అన్నాను.
ఎందుకన్నానో! అమ్మ పోయి ఆరేళ్ళు.
"వచ్చే వారం అక్కణ్ణుంచి మొదలెడదాం, దెవొలిందా" అంది.
టైమైపోయిందట.
కోపంతో మెట్లు దిగి, బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచి,
ఎనిమిదింటికే పడుకున్నాను.
మర్నాడు బస్తాలు మోసినట్టు ఒళ్ళు హూనం.
ఇది నాకెవరూ ముందుగా చెప్పలేదు, అందుకే చెబుతున్నా.

రెండో వారం జలుబని ఫోన్ చేసి ఎగ్గొట్టాను.
మూడో వారం వెళితే
జలుబు సంగతి ఎత్తలేదు,
కోటు ఏ రంగని అడిగింది.
అప్పుడు పెగల్లేదు నా నోరు.

ఆమె నీకు నప్పకపోవచ్చు.
అంతకు ముందు నేనొక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను,
నేను చెబుతున్నంతసేపూ ఆయన చూపు గడియారం మీదే.
రెండోసారికి మానేశాను.
చెప్పులైనా వేసుకుని చూసే కొంటాం.

నీకేమైందో నేనడగను.
గురువారం తర్వాత కూడా అడగను.
నేనింకా వెళుతూనే ఉన్నాను,
కోటూ ఇంకా మేకుకే ఉంది.
జేబులు మాత్రం చూశాను మొన్న:
ఒక రుమాలు, కాగితానికి అతుక్కుపోయిన దగ్గుబిళ్ళ.

ఇంకొకటి, మర్చిపోయేదాన్ని.
వానంటున్నారు, గొడుగు పట్టుకెళ్ళు.
అక్కడ గొడుగు పెట్టే చోటు లేదు,
కుర్చీ పక్కన చెక్కనేల మీద నీళ్ళు కారుతుంది.
మొదటి అయిదు నిమిషాలు నేను
ఆ నీళ్ళకే క్షమాపణలు చెప్పాను.
నువ్వు చెప్పకు.
కారనీ.